మామ్మగారి దుప్పటి మీద పసుపు మరక

ఆ రోజుల్లో కొత్త అల్లుడికి అత్తవారింట్లో పని అంటూ ఏదీ ఉండేది కాదు. కూర్చోమన్నచోట కూర్చోవడం, పెట్టినదల్లా తినడం, అడిగినదానికి తల ఊపడం, అంతే. ఇంత తేలికైన ఉద్యోగంలో కూడా తప్పు చెయ్యగలిగినవాణ్ణి మా రెండు వంశాల్లోనూ నేనొక్కణ్ణే అని మా ఆవిడ అంటుంది. నేను కాదనను. గోదావరికి ఆనకట్ట కట్టి, మా వైపు కొత్తగా కాలవలు తవ్వుతున్న కాలం అది. రాజోలు దగ్గర కాలవ పనిలో నేను మట్టి కొలతలు రాసే గుమాస్తాని. చెవి మీద కలం పెట్టుకుని తిరిగేవాణ్ణి కనక లోకంలో నాకు తెలియని విషయం లేదని గట్టి నమ్మకం. (ఆ కలం కాగితం మీదకన్నా చెవి మీదే ఎక్కువసేపు ఉండేదని మా పైఅధికారి అనేవాడు. ఆయన సంగతి వదిలేద్దాం.)

ఆ వేసవిలో మా ఆవిడని కాపురానికి తీసుకురావడానికి కొత్తపేట పక్క పల్లెలో ఉన్న మా అత్తవారింటికి వెళ్ళాను. గురువారం మా తిరుగు ప్రయాణం. సారె సామానంతా సావిట్లో సిద్ధంగా ఉంది. అందులో అన్నిటికన్నా గొప్పది ఒక దుప్పటి. మా ఆవిడ నాయనమ్మ, మేమంతా మామ్మగారు అనే ఆవిడ, కొన్నేళ్ళపాటు రాట్నం మీద సన్నపోగు వడికి, బండారులంకలో నేయించింది. తెల్లగా, పల్చగా ఉండేది. మడతపెట్టి పిడికిట్లో పట్టుకుంటే సగం దాగిపోయేది. అప్పటికే ఓడల మీద సీమ నూలు వచ్చి వడికేవాళ్ళు తగ్గిపోయారు. మామ్మగారికి వేళ్ళు వణుకుతున్నాయి. "ఇంక నా చేత కాదు బాబూ, పోగు తియ్యబోతే తెగిపోతోంది. ఇదే ఆఖరిది," అంది నాతో. అయినా అల్లుడు వచ్చాడు గదా అని సారెలోంచి తీసి నా మంచం మీద పరిపించింది. అంత మర్యాద నాకు అప్పటిదాకా ఎవరూ చెయ్యలేదు.

సోమవారంనాడు కొబ్బరికాయలు దింపేవాడు వచ్చాడు. వాడు ఎక్కుతుంటే ఊరుకుని చూడొచ్చు గదా? మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూస్తోందని తెలిసి, "ఇదేం పెద్ద విద్య?" అని నేనూ పంచె ఎగగట్టాను. రెండు నిలువులు ఎక్కాను. ఎక్కినదానికన్నా వేగంగా దిగాను. మోకాలు చెక్కుకుపోయి వాచింది. మా అత్తగారు పసుపు, నువ్వులనూనె కలిపి వెచ్చచేసి కట్టు కట్టించింది. ఆవిడ నాతో ఎదురుగా మాట్లాడదు. తలుపు చాటునుంచి గోడకి చెబుతుంది. "అల్లుడుగారికి చాప వెయ్యండర్రా. కట్టు ఆరేదాకా మంచం ఎక్కొద్దని చెప్పండి, ఆ దుప్పటి పాడైపోద్ది," అంది గోడతో. గోడ విన్నది. నేను వినలేదు. అల్లుడేమిటి, నేల మీద చాపేమిటి? భోజనం కాగానే మంచమెక్కి గుర్రుపెట్టాను.

లేచి చూసేసరికి కట్టు ఒకచోట, నేను ఒకచోట. దుప్పటి నడిమధ్య కంచమంత పసుపు మరక. నా ప్రాణం అక్కడే సగం పోయింది. మచ్చపడిన బట్ట సారెలో పెట్టరు. మరొకటి నేయిద్దామంటే వడికే చెయ్యి లేదు. ముసలమ్మ ఆఖరి దుప్పటిని ఒక్క కునుకులో తగలేశాను అనుకుంటే ఏడుపొచ్చింది. ఇంట్లోవాళ్ళంతా ఎండవేళ నడుం వాల్చి ఉన్నారు. దుప్పటి చంకలో దోపుకుని, కుంటుకుంటూ పెరట్లో నూతి దగ్గరికి పోయాను. మా ఇంట్లో మగవాళ్ళు జేబురుమాలు కూడా ఉతికి ఎరగరు. అయితేనేం, కాలవలు కొలిచేవాడికి మరక ఒక లెక్కా? బూడిదతో అంట్ల గిన్నెలు తెల్లబడగా చూశాను. పొయ్యిలోంచి కొబ్బరి మట్టల బూడిద దోసెడు తెచ్చి, నీళ్ళు పోసి, మరక మీద వేసి పులిమాను.

మరక పోలేదు సరికదా, నెత్తురులా ఎర్రబడింది. మోకాలు చూసుకున్నాను. అక్కడ చుక్క రక్తం లేదు. ఇంకా బలంగా పులిమాను. ఇంకా ఎర్రబడింది. ఇంతలో మా ఆవిడ వెనకనుంచి వచ్చి, నోటికి పైట అడ్డం పెట్టుకుని నిలబడింది. (అది భయం అనుకున్నాను. నవ్వు అని తరవాత తెలిసింది.)

"ఏవండీ, నిమ్మకాయ రాసి చూడండి," అని చెట్టునుంచి ఒకటి కోసి ఇచ్చింది. పిండగానే ఎరుపు మాయమై మళ్ళీ పసుపు వచ్చింది. "చూశావా, సగం పని అయింది," అన్నాను. మిగతా సగానికి మళ్ళీ బూడిద వేశాను. మళ్ళీ ఎరుపు. మళ్ళీ నిమ్మకాయ. పసుపు. ఆ చెట్టున నాలుగు కాయలు అయిపోయేదాకా నేను ఆ మరకని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను.

"పారాణి ఎంతమందికి కలుపుతున్నారు బాబూ?" అని వినిపించింది. అరటి చెట్లకి అవతల మామ్మగారు పీట వేసుకుని కూర్చుని ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో! "పసుపులో సున్నం వేస్తే పారాణి అవుద్దని మీ ఊళ్ళో ఆడపిల్లలు చెప్పలేదేటి? బూడిదా ఆ జాతిదేనండీ."

"ఆయ్, తప్పయిపోయిందండీ," అన్నాను. ఆవిడ దుప్పటి చేతిలోకి తీసుకుంది. మరక వైపు చూడనైనా లేదు. నేను పులిమినచోట వణికే వేళ్ళతో తడిమింది. అక్కడ నూలు నూగులా లేచి ఉంది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"మరకదేవుంది బాబూ, ఇయ్యాళ కాపోతే రేపు పోద్ది. పోగు తెగితే మళ్ళీ ఎవరు వడుకుతారు?"

ఆ మాటకి నాకు తల ఎత్తాలనిపించలేదు. పెద్దగా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కుంకుడుకాయలు కొట్టించి నానబెట్టించి, ఆ రసంలో నా చేతే నూనె జిడ్డు వదిలించింది. పులమకూడదు, పిండకూడదు, బండ మీద కొట్టకూడదు. అరచేతులమధ్య పెట్టి ఒత్తాలి, అంతే. తరవాత గరిక మీద తడితడిగా పరిచి, "పసుపుకి విరుగుడు ఎండేనండీ. ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండండి," అంది. సోమవారం మిగిలిన పూట, మంగళ, బుధవారాలు తాటాకు గొడుగు కింద కూర్చుని, కాకుల్నీ దూడనీ తోలుకుంటూ ఆ దుప్పటికి కాపలా కాశాను. దారిన పోయేవాళ్ళు ఆగి, "అల్లుడుగారేటండీ, వడియాలు కాస్తున్నారా?" అని పరామర్శించారు. బుధవారం సాయంత్రానికి మరక ఎక్కడుందో నాకే దొరకలేదు. మామ్మగారు దుప్పటి అంతా తడిమి చూసి, మడతపెట్టి, నా చేతుల్లో పెట్టింది. "దీన్ని ఎవరి చేతా ఉతికించకు. నువ్వే ఉతుకు," అంది. అప్పటిదాకా నన్ను మీరు అన్న మనిషి మొదటిసారి నువ్వు అంది. నాకు ఆ ఇంట్లో పట్టాభిషేకం జరిగినట్టయింది.

నలభై ఏళ్ళపైన అయింది. ఏ పనీ చేతకాని నేను ఆ ఒక్కటీ మాత్రం ఉతుకుతూ వచ్చాను. మనవలు నవ్వుతారు, నవ్వనీ. మొన్న వేసవిలో కుంకుడు రసంలో మెల్లిగా ఒత్తుతుంటే, నా అరచేతుల్లోనే జానెడు చిరిగింది. అరవై దాటినవాణ్ణి, దుప్పటి చంకలో దాచి అటూ ఇటూ చూశాను. మామ్మగారు పోయి చాలా ఏళ్ళయిందని అప్పుడు గుర్తొచ్చింది. నూతి గట్టు మీద అలాగే కూలబడి, "ఇప్పుడు నన్ను అనేవాళ్ళెవరూ లేరు గదా," అని పైకే అనేశాను.

"నేను లేనేటండీ?" అంటూ మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. చిరుగు చూసింది. నా ముఖం చూసింది. ఇంక మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా కూర్చుని హాయిగా విన్నాను.