బూటు పట్టీ మీద రెండు మడతలు

నా చిన్నప్పుడు, తమ్ముడు పుట్టిన ఏడాది, మా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ వాడి పాదాలకేసి సూటిగా చూసేవారు కాదు. రెండు పాదాలూ లోపలికి తిరిగిపోయి, అరికాళ్ళు ఎదురెదురుగా ఉండేవి. వచ్చినవాళ్ళు వాడి మొహం చూసి, దుప్పటి అంచు సర్ది, మాట మార్చేవారు. పురుడు చూడ్డానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన మా నానమ్మ మాత్రం మాట మార్చలేదు. గ్రహణం పూట అమ్మ కత్తిపీట ముట్టుకుందని, అందుకే పిల్లాడు ఇలా పుట్టాడని అందరికీ చెప్పేది. అమ్మ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఓర్పుతో ఊరుకుందనుకున్నాను. ఆ మాట అమ్మ నమ్మేసిందని నాకప్పుడు తెలియదు.

మాది రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. నాన్న రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. తమ్ముడికి నెలన్నర నిండగానే అమ్మ వాణ్ణి ఊళ్ళోని పెద్దాసుపత్రికి, ఎముకల విభాగానికి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. తోడు నేను. అక్కడ పిండికట్లు వేసే గదిలో ఒక నర్సమ్మ ఉండేవారు. కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన క్రైస్తవుల కుటుంబం వాళ్ళది. చుట్టూ అంతా హిందీ వినిపించే ఆ చోట "రామ్మా, కూర్చో" అని ఆమె అనగానే అమ్మకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

డాక్టరుగారు పాదాన్ని మెల్లగా బయటికి తిప్పి పట్టుకునేవారు. నర్సమ్మ తడి పట్టీ చుట్టేవారు. వారానికొక కట్టు. ప్రతి వారం పాదం కొంచెం కొంచెం దారికి వచ్చేది. చివర్లో మడమ వెనక నరం దగ్గర చిన్న కోత పెట్టి, మూడు వారాల కట్టు వేశారు. అది విప్పిన రోజు తమ్ముడి పాదాలు అందరు పిల్లల పాదాల్లాగే ఉన్నాయి. అమ్మ వాటిని ముద్దు పెట్టుకుంటూనే ఉంది.

కానీ పని అక్కడితో అయిపోలేదు. రెండు చిన్న తోలు బూట్లు, వాటిని కలుపుతూ ఒక ఇనుప కడ్డీ ఇచ్చారు. మూడు నెలలపాటు స్నానానికి తప్ప తీయకూడదన్నారు. తీస్తే పాదాలు మళ్ళీ తిరిగిపోతాయన్నారు. ఇంటికొచ్చాక నాన్న ఒకటే మాట అన్నాడు. "మళ్ళీ తిరిగిపోతే మాత్రం ఇంక ఆసుపత్రులొద్దు. ఊరెళ్ళి పసరుకట్టు కట్టించేద్దాం."

అమ్మ మధ్యాహ్నాలు గుఢియారీలో ఒక దుకాణంలో బట్టలు కుట్టడానికి వెళ్ళేది. నాకు తొమ్మిదేళ్ళు. పొద్దుటి బడి అయ్యాక వాణ్ణి చూసుకోవడం నా పని. పురుడయ్యాకా మా ఇంట్లోనే ఉండిపోయిన నానమ్మ అన్నం తిని నిద్రపోయేది. అమ్మ వీధి మలుపు తిరిగిందో లేదో వాడు ఏడుపు మొదలుపెట్టేవాడు. రెండు కాళ్ళూ కలిపి కట్టేసినట్టున్న ఆ కడ్డీని నేలకేసి కొట్టుకుంటూ, గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చేవాడు. మొదటి రోజు ఎత్తుకున్నాను. రెండో రోజు నేనూ ఏడ్చాను. మూడో రోజు పట్టీలు విప్పేశాను. వాడు వెంటనే కాళ్ళాడిస్తూ నవ్వాడు. ఆ నవ్వు కోసం రోజూ విప్పాను. అమ్మ వచ్చేలోపు మళ్ళీ తొడిగేదాన్ని, బిగిస్తే ఏడుస్తాడని వదులుగా. పైకి చూస్తే అంతా సరిగ్గానే కనిపించేది.

రెండు నెలలకి చూపించడానికి వెళ్ళాం. బూట్లు తీయగానే డాక్టరుగారి మొహం మారింది. మడమలు పైకి లేచిపోయి, పాదాలు మళ్ళీ లోపలికి తిరుగుతున్నాయి. "ఫిర్ సే ప్లాస్టర్" అని మాత్రం అని ఆయన ఇంకో రోగి దగ్గరికి వెళ్ళిపోయారు. మళ్ళీ మొదటినుంచి కట్లు.

అమ్మ బల్లమీద కూలబడిపోయింది. "ఇంక రాను సిస్టరమ్మా. మీరేటి సేస్తారు, నా కడుపే అలాటిది. నా పాపం ఈడి కాళ్ళకి సుట్టుకుంది" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

నర్సమ్మ ఏదో సంతకం కావాలని చెప్పి అమ్మని పక్క గదికి పంపారు. తర్వాత ఒక బూటు నా చేతిలో పెట్టి, పట్టీ మీద వేలు ఆనించారు. రెండు మడతలున్నాయి. ఒకటి బిగుతు రంధ్రం దగ్గర, ఇంకోటి వదులు రంధ్రం దగ్గర.

"దీన్ని ఇద్దరు తొడుగుతున్నారమ్మా. వాడు ఏడుస్తుంటే చూడలేకపోయావా?"

నేను తలూపాను.

"నేనూ కొత్తలో పిల్లలు ఏడుస్తున్నారని కట్టు వదులుగా చుట్టేదాన్ని. చాలా తిట్లు తిన్నాను. మీ అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పు. చెప్పకపోతే ఆవిడ తన్ని తాను తిట్టుకుంటా వాణ్ణి తీసుకెళ్ళిపోద్ది. మళ్ళీ రాదు."

అమ్మ తిరిగొచ్చి తమ్ముణ్ణి భుజాన వేసుకుని నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. ఎముకల వార్డు కిటికీల్లోంచి, కాళ్ళకి బరువులు కట్టించుకుని పడుకున్న మనుషులు కనిపించారు. ఒక్కో అడుగుకీ చెప్పేద్దామనుకున్నాను, ఒక్కో అడుగుకీ మింగేశాను. గేటు దగ్గర అమ్మ ఆటోలో కాలు పెట్టింది.

"అమ్మా, బూట్లు నానే ఇప్పేసినాను."

"ఏటి?"

"రోజూ. నువ్వు దుకాణానికెళ్ళినాక. తమ్ముడు ఏడుస్తన్నాడని."

"బైఠోగే కి నహీ?" ఎక్కుతారా లేదా అని ఆటో అతను విసుక్కున్నాడు. అమ్మకి వినిపించలేదు. నా భుజం గట్టిగా పట్టుకుంది.

"నిజం సెప్పు. రోజూనా?"

"రోజూ."

"అయితే... నా వల్ల కాదా?"

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకుని ఉన్న నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కళ్ళు తెరిచేసరికి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, అందరూ చూస్తుండగా ఆ గేటు దగ్గరే ఏడుస్తోంది. దెబ్బ తర్వాత పడింది, గట్టిగానే. ఆ వెంటనే నా చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి నడిచింది. నర్సమ్మ బకెట్టులో నీళ్ళు పట్టి, పట్టీలు నానబెట్టి, తమ్ముడి మోకాలు పట్టుకోమని నాకు చెప్పారు. వాడు ఏడ్చాడు. నేను వదల్లేదు.

ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవే అయింది. మళ్ళీ ఆసుపత్రి అంటే నాన్న ఒప్పుకోలేదు. అయినా అమ్మ వచ్చే వారం వెళ్ళింది, ఆ పై వారమూ వెళ్ళింది. ఈసారి కుడిపాదం చక్కబడింది. ఎడమదానికి మూడో ఏట ఆపరేషను చేయాల్సి వచ్చింది. వాడి ఎడమ పిక్క ఇప్పటికీ సన్నగానే ఉంటుంది, మెట్లు దిగేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాడు. అది నేను చేసిందేనా, ఎలాగూ అయ్యేదా అన్నది ఎవరూ నాకు చెప్పలేకపోయారు.

నాకిప్పుడు ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ నావల్ల ఏదైనా పాడైతే, ఎవరూ అడగకముందే చెప్పేస్తాను. మంచిదాన్నని కాదు, భయం. నేను నోరు మూసుకుంటే ఆ తప్పు ఏ పాపం ఎరగని మనిషి మీద పడుతుందని, ఆ మనిషి అది తనదేనని నమ్మేస్తుందని.