రీమ్ కోసం ఎంచిన తూటా

పోయిన చలికాలం దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, అల్లుడు నన్నొక పెద్ద మాల్‌కి తీసుకెళ్లి, నాకు కాళ్లు పీకుతున్నాయని గ్రహించి, బెంచీ మీద కూర్చోబెట్టి బండి తేవడానికి వెళ్లాడు. ఎదురుగా వేట సామాన్ల దుకాణం. అద్దాల బీరువాలో చిటికెన వేలిలో సగం ఉండే ఇత్తడి తూటాలు వరసగా మెరుస్తుంటే, లేచి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. దుకాణం మనిషి మర్యాదగా వచ్చి "కౌన్‌సా శికార్, చాచా?" అని, ఏ వేటకో అడిగాడు. తిరిగొచ్చిన అల్లుడు ఏసీ గాలికి నా కళ్లు నీరు కారుతున్నాయనుకున్నాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

మన తరంవాళ్లకు చెప్పక్కర్లేదు, డెబ్బైల చివర్లో ఏ ఎమిరేట్‌కి పోయినా ఊళ్లో వాళ్లకు అది దుబాయే. జగిత్యాల పక్క పల్లె నుంచి నేనూ, మా అక్క భర్త అయిన మా బావా కలిసి వెళ్లింది ఉమ్ అల్ క్వైన్ లోపలి ఇసుకల్లో ఉన్న ఒక ఖర్జూరపు తోటకి. మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, ముసలాయన. పాత రోజుల్లో బొంబాయికి పడవల మీద తిరిగిన మనిషి కాబట్టి, విరిగిన హిందీలోనైనా మాతో మాట్లాడేవాడు. ఆయన తుపాకిని 'తుఫ్గా' అనేవాడు. అరబ్బీలో మా చెవికి చుట్టంలా తగిలిన మొదటి మాట అదే. ఊళ్లో చేలకు అడవిపందుల కావలి కాసిన బావ ఆ మాట వినగానే నవ్వాడు. ఆ నవ్వుతో తోటలో పార పని నాకు మిగిలి, వేట పని ఆయనకు దక్కింది!

ఆ తుపాకి ఒంటి తూటాది. ఒకటి పేల్చాక విప్పి మరొకటి పెట్టుకోవాలి, ఆ లోపల కుందేలు ఊరు దాటిపోతుంది. అందుకని అసలు వేటంతా తూటా ఎంచుకోవడంలోనే ఉండేది. ముసలాయన రేకుడబ్బాలో రకరకాలుండేవి: పొట్టివి, పొడుగువి, ముక్కు గుండ్రంగా ఉండి తిన్నగా దూసుకుపోయేవి, ముక్కుకు గుంట ఉండి తగిలిన చోట విచ్చుకునేవి. తూటా మారితే గురి మారుతుందనీ, గాలి చూడకుండా డబ్బా మూత తీయకూడదనీ బావ నాకు పాఠాలు చెప్పేవాడు, నేను ఉల్లిగడ్డలు తరుక్కుంటూ వినేవాణ్ని. కుందేలుకు ఎప్పుడూ గుండ్రటి ముక్కుదే తీసేవాడు. దెబ్బకు కూలాలి గాని, ముసలాయన బిస్మిల్లా అని కత్తి పెట్టేదాకా ప్రాణం ఉండాలి. పెళ్లికి మేకను కోయాలన్నా ముల్లా వచ్చి హలాల్ చేయాల్సిన ఊళ్లోంచి వచ్చినవాళ్లం, మాకు ఆ సంగతి ఒకరు నేర్పనక్కర్లేకపోయింది. జేబులో రెండో తూటా మాత్రం ముసలాయన పెట్టుకోనిచ్చేవాడు కాదు. "దూస్‌రా గోలీ జేబ్ మే, తో పహ్‌లా గోలీ అంధా" అనేవాడు. రెండోది ఉందన్న ధీమా మొదటిదాని కళ్లు పోగొడుతుందట.

ముసలాయనకు రీమ్ అని ఒక వేట కుక్క ఉండేది, సలూకీ జాతిది, సన్నగా పొడుగ్గా, పట్టుచీర కట్టిన పెద్దింటి ఆడపిల్లలా నడిచేది. పేరుకు ఆయన కుక్కగాని దాని పంచప్రాణాలూ బావే. బావ తన పళ్లెంలోంచి ముద్ద పెట్టకపోతే అది మూతి తిప్పుకునేది. ఆయన దానితో మన మాటే మాట్లాడేవాడు, అరబ్బీలో పిలిస్తే చెవి కదల్చని ఆ కుక్క 'దా' అంటే చాలు, ఎక్కడున్నా ఇసుక లేపుకుంటూ వచ్చి ఆయన మోకాళ్ల మధ్య తల పెట్టేది. అక్కనూ, పుట్టాక ఒక్కసారైనా ఎత్తుకోని కూతురినీ వదిలొచ్చిన మనిషి ఆ తల నిమురుతూ ఏమనుకునేవాడో నేనెన్నడూ అడగలేదు.

ఒక రోజు నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ రీమ్ నడుము మీదుగా పోయింది. పాపం, డ్రైవరు చూసుకోలేదు, చూశాక తల బాదుకుని ఏడ్చాడు. దాని వెనక కాళ్లు చచ్చిపోయాయి. అది అరవలేదు, మూలిగింది, ఆ మూలుగు వినలేక మేకలు కూడా దూరం జరిగాయి. అక్కడ పశువుల డాక్టరు లేడు, ఉన్నా చేయగలిగిందేమీ లేదు. ముసలాయన తనవల్ల కాదన్నాడు. బావను షెడ్డులోకి తీసుకెళ్లి, తూటాల డబ్బా ముందు పెట్టి, ఒక్క దెబ్బతో పోవాలని, బాధ తెలియకూడదని అడిగాడు.

ఇన్నాళ్లూ ప్రాణం మిగిల్చే తూటా ఎంచిన చేయి, ఆ రోజు మిగల్చనిది ఎంచాలి. బావ డబ్బా ముందు చాలాసేపు కూర్చున్నాడు. చివరికి ముక్కుకు గుంట ఉన్న పొడుగుది తీసి, చొక్కాకు తుడిచి, తుపాకిలో పెట్టాడు. అంతకంటే సరైన తూటా ఆ డబ్బాలో లేదు, ఈనాటికీ ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను. పద్ధతి ప్రకారం రెండోది తీసుకోలేదు. బయట ఇసుకలో రీమ్ తల పక్కకు పెట్టి పడుకుని ఉంది. ఆయన దగ్గరగా మోకాళ్ల మీద కూర్చుని గురి పెట్టాడు, దాని కన్ను ఆయన మీద పడింది. ఆ కన్ను చూసి, ఓదార్చాలనో ఏమో, అలవాటైన నోరు ఊరుకోలేదు.

"దా బిడ్డా" అన్నాడు.

అది వచ్చింది. చచ్చిపోయిన నడుమును ఈడ్చుకుంటూ, ముందు కాళ్లతో ఇసుక పట్టుకుని, పిలిచాడు కదా అని వచ్చింది. అప్పటికే వేలు బిగుసుకుంది. తూటా తలకు తగలాల్సింది భుజానికి తగిలింది.

రెండో తూటాకని నేను షెడ్డుకు పరుగెత్తి తిరిగి వచ్చేసరికి, రీమ్ తల బావ ఒళ్లో ఉంది, నెత్తురంటిన ఆయన చేతిని అది నాకుతోంది. ఆయన తుపాకి ముట్టనన్నాడు. ముసలాయనే తన తలగుడ్డ విప్పి దాని కళ్ల మీద కప్పి, పని పూర్తి చేసి, బావ పక్కనే ఇసుకలో కూలబడి "ఖలాస్, సదీగ్, ఖలాస్", అయిపోయింది నేస్తమా, అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బావ ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆయన నోట 'దా' అన్న మాట నేను వినలేదు. వీసాలు చూడమని బంధువులు బతిమాలితే, రమ్మని నేనెవరికీ చెప్పనన్నాడు, దుబాయ్ పైసల మదమని ఊరంతా ఆడిపోసుకుంది. తిరిగొచ్చేశాక కూడా అంతే. కూతురు కావాలంటే లేచి తానే దాని దగ్గరికి వెళ్లేవాడు, అన్నానికి కూర్చోమని అక్కను పిలవడానికి బదులు వంటింటి గడపలో వచ్చి నిలబడేవాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయాకే ఇదంతా అక్కకు చెప్పాను.

"నా మీద మనసు లేదనుకున్న తమ్మీ, ఇన్నేండ్లు అదే అనుకున్న" అంది. "పిలిస్తె వస్తనని భయపడ్డడా మనిషి?"

ఇప్పుడు ఆ ఇసుకల మీద దీపాల రోడ్లు పడ్డాయి, తోట ఎక్కడుండేదో వెతికినా దొరకలేదు. ఫోన్లో ముఖం చూస్తూ 'రా నాన్నా' అని అమ్మాయి అంటే, పూట తిరగకుండా విమానంలో ఉంటున్నాను. పిలవడం ఎంత సులువైపోయిందో, రావడమూ అంత సులువే అయిపోయింది. మా అక్క మాత్రం ఈ వయసులోనూ, వంటింటి గడప దగ్గర ఏ కాస్త చప్పుడైనా, ఎవరూ పిలవకుండానే చేతిలో పని వదిలేసి లేచి వస్తుంది.