మూడు చక్రాల బ్రేకుతో ఉట్నూరు గుట్టల దారి

మా రాజేశం బావకు సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలుండేవి. ఆర్డరున్న నెల చెవులు చిల్లులు పడేంత మోత, లేని నెల ఇల్లంతా మూగనోము. నిరుడు ఓ రోజు ఎవరికీ చెప్పకుండా రెండు మగ్గాలు అమ్మేసి, ఇరవై ఏళ్లు దాటిన ఫోర్‌వీల్ డ్రైవ్ డీజిల్ జీపు ఒకటి తోలుకొచ్చాడు. మా అక్క వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆయన లెక్క ఆయనకుంది. ఉట్నూరు వైపు గుట్టల్లో చిన్న ఆస్పత్రి ఒకటుంది. వానలు పడితే వాగుల అవతలి ఊళ్లకు ఆటోలు పోవు. నిండు గర్భిణులను తీసుకురావడానికి ఆ నాలుగు నెలలూ వాళ్లకు జీపు కిరాయికి కావాలి. "శుక్రవారం నాలుగింటికల్లా బండి తెచ్చి చూపించున్రి, శనివారం ఇంకో జీపాయన వస్తుండు" అని అక్కడి నర్సు సునంద సిస్టర్ ఫోన్లో చెప్పింది. కిరాయి దొరికితే ఇల్లు గడుస్తుంది. దొరక్కపోతే మిగిలిన రెండు మగ్గాలూ అమ్ముకుని బావ మహారాష్ట్రలోని భివండికి మగ్గాల కూలికి పోవాల్సిందే. మా ప్రయాణం అలా మొదలైంది.

నేను కరీంనగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. ఆదివారం వస్తే పాత జీపుల కింద దూరి పడుకుంటాను. నోరు పెద్దది, ఓపిక తక్కువ అని మా ఇంట్లో అందరూ చెప్పేమాటే. బావ నెమ్మది మనిషి, తిట్టినా నవ్వుతాడు. బ్రేకులు మొత్తం విప్పి బాగుచేయడానికి మెకానిక్ చెప్పిన ధర వినగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా ఇంటి వెనక షెడ్డులో జీపును దిమ్మెల మీద నిలబెట్టి రెండు ఆదివారాలు మేమే కూర్చున్నాం. కుడివైపు చక్రాలు నావి, ఎడమవైపువి బావవి. నాలుగు చక్రాలకూ కొత్త రబ్బర్ల కిట్లు, రెండు సీసాల బ్రేక్ ఆయిల్ కలిపి పదిహేను వందల్లోపే అయింది. ఎడమవైపు రబ్బర్లు బ్రేకు సిలిండర్లలోకి దూర్చడానికి బావ నానా తంటాలు పడ్డాడు. "కొత్తయి గదా, గట్టిగుంటయి" అన్నాడు. నేనూ నమ్మాను.

మిర్గం, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తె, ఇంకో రెండు రోజులుందనగా, శుక్రవారం పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో బయలుదేరాం. ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను: జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం దగ్గర గోదావరి వంతెన, లక్సెట్టిపేట, జన్నారం, ఆపైన అడవి దారిలో ఉట్నూరు. కారుకైతే నాలుగు గంటల పని. మా జీపు గంటకు యాభై దాటితే తలుపులు ఊడతాయేమోనన్నట్టు మోగుతుంది కాబట్టి ఏడు గంటలు వేసుకున్నాం. డీజిల్ రెండు వేలకు కొట్టించాం. జగిత్యాలలో చాయ్, ధర్మపురి దాటాక రోడ్డు పక్కన ఇడ్లీ. అంతవరకూ హాయిగానే సాగింది. రాయపట్నం వంతెన దిగుతుంటే నాకు మొదటిసారి అనుమానం తగిలింది. గేరు తీసి వదిలినా బండి జారడం లేదు, ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టుంది.

లక్సెట్టిపేటలో ఓ హోటల్ ముందు ఆపాం. పూరీలు వేస్తున్న పెద్దాయన జాలిగంటె పట్టుకునే బయటికి వచ్చాడు.

"అన్నా, మీ బండి ఎనుక చక్రం పొగలు గక్కుతుంది. ఏం మండవెట్టిన్రు?"

వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెడితే కాలింది. ముందు ఎడమదీ వేడిగానే ఉంది. కుడివైపు రెండూ గోరువెచ్చగా ఉన్నాయి. డ్రమ్మును లోపలి నుంచి పట్టి ఆపే బ్రేకు షూలు మరీ బిగించేశామనుకుని, చల్లారిందాకా ఆగి ఎడమవైపువి వదులు చేశాం. గంటన్నర పోయింది. పదకొండున్నర దాటింది. తిందామంటే బావ వద్దన్నాడు. ఆయనకు నాలుగింటి గడువు తప్ప ఇంకేదీ గుర్తులేదు. సరిగ్గా అప్పుడే అక్క ఫోను చేసింది. "జర చూస్కుంట పోన్రి. మీ ఇద్దరి మీద నాకు నమ్మకం లేదు" అంది. ఆమె మాట తీరే అంత.

జన్నారం దాటాక అడవి మొదలవుతుంది. చెక్‌పోస్టులో బండి నంబరు రాసుకుని పంపారు. అక్కడి నుంచి ఫోన్లకు సిగ్నల్ ఉండి పోతుంటుంది, పోయి చాలాసేపు రాదు. టేకు చెట్లకు ఇంకా కొత్తాకు సరిగా రాలేదు, ఎండ నేరుగా నెత్తిన పడుతోంది. ఓ గుట్ట ఎక్కి అవతలికి దిగుతున్నాం. మొదటి మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా తగిలింది. రెండో మలుపులో తొక్కితే నేల దాకా పోయింది. మళ్లీ తొక్కాను. ఏమీ లేదు.

"బావా, బ్రేకు వడ్తలేదు."

"పరాచికాలాడకు."

"అమ్మతోడు, వడ్తలేదు!"

మూడో గేరు నుంచి రెండుకు లాగాను. ఇంజన్ గావుకేక పెట్టింది. హ్యాండ్‌బ్రేకు పీకితే ఉందా లేదా అన్నట్టు పట్టింది. ఎడమవైపు గుట్టను కోసి రోడ్డు వేసినప్పుడు మిగిలిన మట్టిగట్టు, కుడివైపు లోయ. స్టీరింగ్ ఎడమకు తిప్పి గట్టుకు రాసుకుంటూ పోనిచ్చాను. అద్దం పోయింది, ఫుట్‌బోర్డు వంకరపోయింది, బండి ఆగింది. బావ అప్పటికే కిందికి దూకి ముందు చక్రం కింద రాయి పెట్టాడు. చచ్చిపోతామనే అనుకున్నాను, దాచేదేముంది.

వెనక ఎడమ చక్రం విప్పి డ్రమ్ము ఊడదీస్తే లోపలంతా బ్రేక్ ఆయిల్ కారి ఉంది. సిలిండర్‌లోని రబ్బరు పెరుగులో నానిన గారెలా ఉబ్బి, అంచు చిరిగిపోయింది. కొత్త రబ్బరు రెండు వారాల్లో ఇలా ఎందుకవుతుంది? అప్పుడు వెలిగింది నాకు.

"బావా, నీ దిక్కు రబ్బర్లు దేంట్ల కడిగినవ్?"

"డీజిల్ల. రాత్రంత నానేసిన. మగ్గం సామాను గట్లనే గదా కడిగేది. తళతళ మెరుస్తది."

"రబ్బర్లు గూడనా?"

"అన్ని ఒక్క గిన్నెలనే ఏసిన."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. డీజిల్ తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బితే షూ వెనక్కి రాదు, రాసుకుంటూ వేడెక్కుతుంది, చివరికి ఇలా చిరుగుతుంది. వాటిని కడగాల్సింది బ్రేక్ ఆయిల్‌తోనే. "గిది మగ్గం గాదు బావా! మా అక్క మెడల పుస్తె ఉండాల్నా వద్దా?" అని అడవంతా వినపడేలా అరిచాను. బావ తల వంచుకుని అంతా విన్నాడు.

"తిట్టుడైపోతే పానా అందియ్యి బామ్మర్ది" అన్నాడు చివరికి. "టైమైతుంది."

మా దగ్గర వేరే రబ్బర్లు లేవు. ముందు ఎడమదీ ఉబ్బే ఉంటుంది గానీ, దాంట్లోంచి ఇంకా ఆయిల్ కారడం లేదు. ఆ చక్రానికి బ్రేకు లేకుండా చేసి మిగతా మూడింటిని కాపాడుకోవడం ఒక్కటే దారి. ఆ చక్రానికి వెళ్లే సన్నటి ఇనుప పైపును విప్పి, కొస మడిచి, రాయి మీద పెట్టి సుత్తితో చదును చేసి, మళ్లీ మడిచి కొట్టాం. ఆయిల్ అటు పోవడం ఆగింది. మిగిలిన అర సీసా ఆయిల్ పోసి బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడం మొదలుపెట్టాం. నేను కింద పడుకుని నట్టు వదులు చేయడం, బావ పైన పెడల్ తొక్కడం. "తొక్కు... పట్టు... ఇడువు." ఆయిల్ అయిపోతే కథ కంచికే. సీసా అడుగు తేలుతుండగా పెడల్ గట్టిపడింది. తొక్కితే బండి కుడికి గుంజుతోంది, అంటే లోయ వైపుకు. కానీ ఆగుతోంది. అప్పటికి రెండున్నర దాటింది.

ఎనక్కి పోదామని నేనన్నాను. బావ జన్నారం దాకా వినపడేలా నిట్టూర్చాడు. "నువ్వు ఫోర్‌వీల్ ఏసి లో-గేర్ల నడుపు. నేను రాయి వట్టుకొని పక్కపొంటి నడుస్త" అన్నాడు. చివరికి అలాగే దిగాం, మనిషి నడకతో. మూడో మలుపులో ఎదురుగా మేకల మంద వచ్చింది. బ్రేకు తొక్కితే బండి కుడికి తిరిగి అంచు వైపు జారింది. బావ రాయి వేశాడు, చక్రం దాన్ని ఎక్కేసింది. వంగి రెండోది తోశాడు. చక్రానికీ ఆయన వేళ్లకూ మధ్య జానెడు కూడా లేదు. బండి ఆగాక దిగి ఆయన చేతులు రెండూ పట్టుకుని చూశాను. మోచేయి దోక్కుపోయింది, వేళ్లు అన్నీ ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. "ఏమైతది, నువ్వు పరేషాన్ గాకు" అని ఆయనే నన్ను ఓదార్చాడు.

ఉట్నూరు ఇంకా కొంత దూరం ఉందనగా కుడికి లోపలికి తిరిగే మట్టిదారి పట్టుకుని అయిదింటికి ఆస్పత్రి చేరాం. గంట ఆలస్యం. సునంద సిస్టర్ వరండాలోనే నిలబడి ఉంది. పక్కన బెంచీ మీద నిండు గర్భిణి, ఒళ్లో బట్టల మూట. పేరు భీంబాయి అని సిస్టరే చెప్పింది.

"లేటైతేనేం, వచ్చిన్రు. ఈమెకు ఇంక వారమే ఉన్నది. నొప్పులేం లేవు గని, వాన వడక ముందే ఉట్నూరు పెద్దాస్పత్రిల ఉంచాలె. ఎక్కించుకోన్రి, బండి ఎట్లున్నదో నేను గూడ చూస్త."

సరే అనడానికి నేను నోరు తెరిచాను. మిగిలింది కొంచెం దూరమే, లో గేరులో పోతే ఏమవుతుందిలే అనిపించింది. బావ నాకంటే ముందు మాట్లాడాడు.

"నేను ఎక్కియ్యను సిస్టర్. ఎనుక ఎడమ చక్రానికి బ్రేకు లేదు. నేనే ఖరాబ్ చేసిన."

సిస్టర్ ముఖం మాడ్చుకుంది. "పొద్దటి సంది ఈమెను కూసోవెట్టిన. రేపు ఇంకో బండి వస్తదని తెల్సు గదా?"

"తెల్సు."

"మరి నువ్వెట్ల వచ్చినవ్ అన్నా?" అని భీంబాయి అడిగింది.

"రాయి వట్టుకొని నడ్సుకుంట వచ్చిన చెల్లె."

ఆమె పకపకా నవ్వింది. సిస్టర్ నవ్వలేదు, గదిలోకి వెళ్లిపోయింది. ఇంకేముంది, భివండి టికెట్టు కొనుక్కోవడమేనని నేను మనసులో అనుకున్నాను. పైకి అనలేదు, ఆ మాత్రం బుద్ధి ఉంది నాకు.

మర్నాడు పొద్దున మొదటి బస్సులో మంచిర్యాలకు పోయి రబ్బర్లు, ఆయిల్ తెచ్చాను. వచ్చేసరికి ఆస్పత్రి ముందు ఇంకో జీపు నిలబడి ఉంది, కొత్త రంగుతో మెరుస్తూ. దాని డ్రైవర్ తలుపు తీసి పట్టుకున్నాడు. భీంబాయి ఎక్కకుండా అక్కడే నిలబడింది.

"బ్రేకులు మంచిగున్నయా?" అని అడిగింది.

"ఫస్ట్ క్లాస్" అన్నాడు అతను.

ఆమె మా బావ వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చూసి చెప్పు."

ఒక్క మాట చాలు బావకు. అనుమానమున్నదంటే ఆమె ఎక్కదు, కిరాయి మన చేతికే రావచ్చు. నేనైతే ఏం చెప్పేవాణ్నో నాకే తెలియదు. బావ ఆ జీపు కింద దూరి నాలుగు చక్రాలూ చూశాడు, పెడల్ తొక్కి చూశాడు, ముందుకూ వెనక్కూ ఓసారి నడిపించి చూశాడు. చేతులు దులుపుకుంటూ వచ్చి, "మంచిగున్నయ్ చెల్లె. నిమ్మలంగ పో" అన్నాడు. ఆమె ఎక్కి వెళ్లిపోయింది. మేం మా చక్రాలు విప్పుకుని కూర్చున్నాం.

సాయంత్రం జీపు ముందుకొచ్చి సిస్టర్ అడిగింది. "అయినయా రబ్బర్లు?"

"అయినయి సిస్టర్."

"అయితే సోమవారం సంది రా. మంచిగున్నదని ప్రతోడు చెప్తడు. మంచిగలేదని చెప్పేటోడు నాకు ఇప్పటిదాక దొరకలే."

బావ ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు, పదిహేను రోజులకోసారి సిరిసిల్ల వస్తాడు. ఇరవై ఏళ్ల బండిని ఇంట్లో బాగుచేసుకోవడం తప్పని నేననను. నేను ఇంకా చేస్తూనే ఉన్నాను, చేస్తాను కూడా. కానీ ఆ గుట్ట మీద భయపడినంత నేనెప్పుడూ భయపడలేదు, ఆ వరండాలో బావను చూసి గర్వపడినంతగా ఎవరిని చూసీ గర్వపడలేదు. మీరు అటువైపు వెళితే ఒక్క పని చేయండి. లోపలి ఊళ్లకు కిరాయి జీపు ఎక్కేముందు బ్రేకులు ఎలా ఉన్నాయని డ్రైవర్ను అడగండి, మొహమాటపడకండి. భీంబాయి ఇప్పటికీ అడుగుతుందట. కొడుకును ఎత్తుకుని ఇంటికి తిరిగి వెళ్లిన రోజు మా జీపే ఎక్కింది. బావ మూడుసార్లు బ్రేకు తొక్కి చూపించాకే పిల్లాడిని లోపలికి అందించిందట.