సారు చెక్కని తెరచాప

వికారాబాద్‌లో బస్సు ఎక్కబోతుంటే తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. "మన డ్రాయింగ్ సారు పోయిండ్రే," అంది నాతో చదువుకున్న స్నేహితురాలు. కాసేపు ఏ బస్సు ఎక్కాలో కూడా తోచలేదు.

సారుకు పందెం పడవల పిచ్చి. పాతకాలపువి, ఇంతెత్తు తెల్లటి తెరచాపలు కట్టుకుని, నీళ్ల మీద ఒక పక్కకు ఒరిగి దూసుకుపోయేవి. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఏదో అచ్చుబొమ్మలో చూశారట. ఇక జీవితమంతా అవే. రబ్బరులా మెత్తగా తెగే లినోలియం పలక మీద పడవను చెక్కి, నున్నటి తాండూరు బండ మీద సిరా కలిపి పూసి, పైన కాగితం పరిచి, స్టీలు చెంచా వీపుతో రుద్ది అచ్చు తీసేవారు.

"సముద్రం చూడకుంట గీ పడవలేంది సార్?" అని ఒకసారి అడిగాను.

"దేవుణ్ణి చూసే గీస్తున్నరా బిడ్డా అందరు?" అన్నారు.

గాలి విషయంలో మాత్రం రాజీ లేదు. బషీరాబాద్ దారిలో ఎవరైనా కందులు తూర్పారబడుతుంటే స్కూటర్ ఆపి, పొట్టు ఎటు ఎగురుతుందో చూస్తూ నిలబడేవారు. నా మొదటి అచ్చులో జెండా ఒక దిక్కుకు, తెరచాప ఇంకో దిక్కుకు పోయాయి. "పడవ మునుగదు గని, బొమ్మ మునిగింది," అని నవ్వారు. ఈనాటికీ నేను వాకిట్లోకి వస్తే ముందు గాలి ఎటుందో చూస్తాను. అది ఆయన పెట్టిన భిక్షే.

తెరచాపను ఎప్పుడూ ఆఖరున చెక్కేవారు. "అన్నీ తయారైనంకనే గాలిని పిలువాలె," అనేవారు.

పదో రోజుకు వెళ్తే, సారు భార్య, మేమంతా అమ్మ అని పిలిచే ఆమె, ఆయన చివరి పలక నా చేతిలో పెట్టారు. అలలు, పడవ, జెండా అన్నీ పూర్తయ్యాయి. తెరచాప మాత్రం చెక్కకుండా అలాగే ఉంది. చెక్కిన చోటే అచ్చులో తెల్లగా వస్తుంది, చెక్కనిదంతా నల్లగా పడుతుంది.

"నువ్వు చెక్కు బిడ్డా. సారు పడవ గట్ల నిలవడిపోవద్దు."

ఉలి పట్టుకుని, మళ్లీ కింద పెట్టేశాను. సారు గీత ఆగిన చోట నా గీత మొదలుపెట్టాలంటే ఏడుపొచ్చింది.

"ముందు ఉన్నదున్నట్టు ఒక్కటి తీసి చూద్దామమ్మా," అన్నాను.

సిరా నేను పూశాను, చెంచాతో అమ్మ రుద్దారు. తెరచాప నల్లటి మచ్చలా పడింది. దాన్ని వాకిట్లో బట్టల తాడుకు ఆరేశాం. అమ్మ ముఖం చిన్నబోయింది. ఆమె కోసమైనా చెక్కక తప్పదని మళ్లీ ఉలి అందుకున్నాను.

అప్పుడు గాలి లేచింది. తాడు మీద తడి కాగితం నిండుగా ఉబ్బి, ఒక పక్కకు ఒరిగింది.

అమ్మ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు బిడ్డా, చెక్కకు. పోతున్నది సారు పడవ."