బొగ్గు గీతలు తుడిచిన గుడ్లు

ప్రసాద్ సారు జీపు నేను పన్నెండేళ్ళుగా తోలుతున్నాను. ఇంకో ఇన్‌స్పెక్టరుకి తోలుంటే మా ఇంట్లో వారానికో కోడి తెగేది. ఈయన దగ్గర టీ చుక్కకి కూడా దిక్కులేదు. సరుకు చూసే చోట మంచినీళ్ళు ముట్టడు, నన్ను ముట్టనివ్వడు. "గోపీ, ఫ్లాస్కు తెచ్చుకున్నావా?" అని బయల్దేరే ముందు అడుగుతాడు. తెచ్చుకోకపోతే ఆ రోజు నా నోరు ఎండాల్సిందే.

పూర్తి పేరు దుర్గాప్రసాద్. ఎస్.కోట దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. అరకు వచ్చింది మూడేళ్ళ కోసం. బదిలీ కాగితం రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఆయనే ఆపించుకున్నాడు. ఎందుకంటే చెప్పడు. ప్రభుత్వ డిపోకి వచ్చే చోళ్ళు, అంటే రాగులు, ధాన్యం, హాస్టళ్ళకి పోయే కోళ్ళు, గుడ్లు, వీటికి గ్రేడు వెయ్యడం ఆయన పని. గింజని ముందు పంటి కింద పెడతాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. ఆ తరవాతే తేమ చూసే మిషను. గుడ్డుకైతే ఒక అట్టపెట్టె ఉంది. దానికి కన్నం, లోపల టార్చిలైటు. గది తలుపులు మూసి, గుడ్డుని ఆ కన్నం మీద పెట్టి తిప్పుతాడు. లోపలున్నదంతా కనబడిపోతుంది. కొండల్లో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. గుడ్ల సారు, అంతే.

కిందటేడు సంగతి చెప్తాను. ఆశ్రమ బడికి గుడ్లు కింద నుంచి లారీలో వచ్చేవి. ఘాటు ఎక్కేసరికి సగం పగిలేవి, మిగిలినవాటిలో మురిగినవి ఉండేవి. దాంతో పై ఆఫీసు వాళ్ళు, ఇక్కడి ఆడవాళ్ళ దగ్గరే కొని చూద్దామన్నారు. బొడ్డగొంది అనే ఊళ్ళో ఎనిమిది ఇళ్ళవాళ్ళు ముందుకొచ్చారు. పెద్ద గుడ్లు పెట్టే పెరటి కోళ్ళు వాళ్ళకి అంతకుముందే సర్కారు వాళ్ళు ఇచ్చి ఉన్నారు. ఆ ఎనిమిదిళ్ళకీ పెద్ద గంగ. ముప్పై అయిదేళ్ళుంటాయి, గట్టి మనిషి. ఆమె కూతురు రమణి అదే బళ్ళో అయిదో తరగతి. షరతు ఒకటే. వారానికి మూడు వందల గుడ్లు, వరసగా మూడు వారాలు పాసవ్వాలి. అప్పుడు ఏడాది ఆర్డరు వాళ్ళది. ఏ వారమైనా మూడు గుడ్ల కంటే ఎక్కువ చెడ్డవి తేలితే మళ్ళీ లారీయే.

మొదటి వారం పాసు. రెండో వారం కూడా పాసే, కానీ కొన్ని గుడ్ల మీద నల్ల మరకలున్నాయి. సారు మొహం చిట్లించాడు. "గంగమ్మా, పెంకు శుభ్రంగా ఉండాలి. ఈసారి నల్ల మరక కనబడితే తిప్పి పంపుతాను."

"అలాగే సారూ," అంది గంగ.

ఆ మరక ఏమిటో ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. నాకేం పని?

మూడో వారం గుడ్లు ముత్యాల్లా వచ్చాయి. ఒక్క మరక లేదు. బడి స్టోరు రూములో తలుపు మూసుకుని సారు చూడ్డం మొదలెట్టాడు. గంగ లోపలే గుమ్మం దగ్గర నిలబడింది. ఇరవయ్యో, ముప్పయ్యో అయ్యాక ఆయన చెయ్యి ఆగింది. "గోపీ, చూడు," అన్నాడు. గుడ్డు లోపల ఎర్రటి నరాలు, మధ్యలో చిన్న చుక్క కదులుతోంది. పిల్ల కడుతోంది అందులో! అలాంటివి మొత్తం పదకొండు తేలాయి.

"పొదుగు గుడ్లు ఎలా వచ్చాయమ్మా ఇందులోకి?" అన్నాడు సారు.

గంగ గుమ్మం దగ్గర్నించే అంది. "నువ్వే కదేటి సెప్పినావు, నల్లది ఉండకూడదని? పొదగేసిన గుడ్డుకి మేం బొగ్గుతో గీత ఎడతాం. అదే గూట్లో ఏరే కోడి కొత్తగా పెట్టినదానికి గీతుండదు, అదే తీస్తాం. పక్కనున్న గీత బొగ్గే దానికి అంటుకుంటాది. నువ్వలగ సెప్పినాక గీతలన్నీ తుడిపించీసినాను. మరేది కొత్తదో, ఏది పాతదో ఎలగ తెలస్తాది?"

సారు టార్చి ఆర్పేశాడు. రిజెక్టు అని రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదిళ్ళ ఆడవాళ్ళు మూడు వారాలు కళ్ళలో వత్తులేసుకుని పోగు చేసిన సరుకు! పదకొండు తీసి పారేసి, పాసు రాసేస్తే ఎవడు చూడొచ్చాడు? జీపులో ఆ మాటే అనేశాను.

"పిల్లలు తినేది గోపీ," అన్నాడాయన. 

మర్నాడు ఆఫీసులో ఆ రిపోర్టు చూశాను. లోపానికి కారణం అన్న చోట ఆయన రాసుకున్నాడు: "తనిఖీ అధికారి స్థానిక పద్ధతి తెలుసుకోకుండా ఇచ్చిన సూచన. సరఫరాదారుల తప్పు లేదు. మరో అవకాశం ఇవ్వవలెను." ఎవరైనా రాసుకుంటారా అలా? పైవాళ్ళు అవకాశం ఇచ్చారు. ఆయనకి మెమో కూడా ఇచ్చారు. బొడ్డగొంది గుడ్ల జోలికి ఆయన వెళ్ళకూడదన్నారు, వేరే ఇన్‌స్పెక్టరుని పంపారు.

ఆ వేరే ఆయన వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే సారు ఇంటికి జీపు తీసుకెళ్ళాను. గంగ అరుగు మీద కూర్చునుంది. పక్కన మరో ఆడమనిషి, రెండు గంపల నిండా గడ్డిలో బడికి పోవాల్సిన గుడ్లు.

"పాసైపోనాది సారూ," అంది, ఆయన బయటికి రాగానే. మొహంలో సంతోషం మాత్రం లేదు.

"ఓసోస్, మరింకేటి? పండగ సేసుకోండి," అన్నాను నేను.

"ఏటి పండగ? ఒక్క గుడ్డూ సూడనేదు. మూత తియ్యనేదు. సంతకం ఎట్టీసి బేగి ఎళ్ళిపోనాడు." గంప మీది గుడ్డ తీసింది. "నువ్వు సూడు."

"నేను చూసినా చెల్లదు గంగమ్మా. నాకు అధికారం లేదు."

"సెల్లకపోతే మానె. ఇయ్యి బళ్ళో మా గుంట రమణి తింటాది."

సారు గంపలు లోపలికి తెమ్మన్నాడు. అట్టపెట్టె తీశాడు, నన్ను కిటికీలు ముయ్యమన్నాడు. మూడు వందలూ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. రెండు గంటలు పట్టింది. గంగ ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు, పక్కనే కూర్చుని ప్రతి గుడ్డూ ఆయనతో పాటు చూసింది. నాలుగు తీసి పక్కన పెట్టారు. ఆ నాలుగో గుడ్డుని సారు పాసు చేశాడు, గంగే వద్దంది.