మిల్లు పిల్లల పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. సోమవారం పొద్దున అమ్మ రిక్షాలో సుబేదారిలోని మా ఇంటికి వచ్చి, గడప కూడా దాటకుండా చెప్పింది. "తెల్లారంగ ఛాతిల నొప్పి అన్నదట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది. నడువ్, బిడ్డనెత్తుకో."

పెద్దమ్మ అంటున్నాను గానీ ఆమె మాకు చుట్టం కాదు. మిల్లు క్వార్టర్లలో మా పక్కింటామె. అమ్మతో పాటు రీలింగులో, అంటే నూలు చిలపలు చుట్టే చోట, ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసిన మనిషి. రిక్షాలో అమ్మ నాకొక సంగతి చెప్పింది. అది వినకపోయి ఉంటే ఈ నాలుగు మాటలూ నవ్వుతూ రాసేదాన్ని. ఇప్పుడు నా వల్ల కావడం లేదు.

పెద్దమ్మకు ఒక ఆడపిల్ల ఉండేదట, నేను పుట్టకముందు. ఆ రోజుల్లో మిల్లుకు పోయే తల్లులు పసిపిల్లలకు గోటి మీద పట్టేంత నల్లమందు నాకించి పడుకోబెట్టేవారు. తల్లి వచ్చేదాకా ఏడవకుండా ఉంటే చాలు. అందరూ చేసేదే, ఎవరూ తప్పనుకోలేదు. ఒకనాడు పెద్దమ్మకు పొద్దుటి షిఫ్టు మధ్యాహ్నానికి మారింది. రోజుటి అలవాటు కొద్దీ ఆమె అత్తగారు పొద్దున్నే మందు నాకించింది. ఆ సంగతి తెలియక, మధ్యాహ్నం షిఫ్టుకు బయలుదేరుతూ పెద్దమ్మ మళ్ళీ నాకించింది. తిరిగి వచ్చేసరికి పిల్ల లేదు.

"మందు పెట్టిన ఆ వేలును మళ్ల అన్నంల పెట్టలేదే," అంది అమ్మ. "ఏండ్లకేండ్లు చెంచతోనే తింటుండె."

ఆమె చెంచాతో తినడం చూసి మేమంతా దొరసాని అని ఎగతాళి చేసేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది.

మిల్లులో పసిపిల్లలకు ఒక గది కావాలని మొదట అడిగింది ఆమే. చట్టంలో ఉందమ్మా, కానీ జాగా ఏదీ అనేవాడు మేనేజరు. డెబ్బైల మొదట్లో, నాకు ఆరేళ్ళప్పుడు, ఒక పొద్దున రీలింగు ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనెత్తుకుని పోయి ఆఫీసు వరండాలో వరసగా పడుకోబెట్టారు. మా తమ్ముడు కూడా ఆ వరసలో ఉన్నాడు. ముందురోజే పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి, "రేపు ఒక్కపొద్దు ఎవ్వరు మందు పెట్టకున్రి, మీ కాల్మొక్కుత" అని బతిమాలిందట. ఇంకేముంది! పిల్లలంతా ఒక్కసారే ఏడుపు లంకించుకున్నారు. మేనేజరు ఫోన్ పట్టుకుని హలో హలో అని అరుస్తున్నాడు, అవతలి మాట వినబడితేనా!

"దూదికి గోదాం కట్టిన్రు గద సారూ," అంది పెద్దమ్మ. "పిల్లలకు ఒక మూల లేదా?"

చివరికి ఆ గోదాం పక్కనే ఒక గది ఇచ్చారు. ఉయ్యాలలు కట్టారు. పెద్దమ్మ రీలింగు వదిలేసి అక్కడ ఆయాగా చేరింది. ఆ గదిలోకి నల్లమందు రానివ్వలేదు. తల్లుల కొంగుముళ్ళు కూడా విప్పించి చూసేది, అంత మొండిది. ఏ పిల్లనూ ఎక్కువసేపు నిద్రపోనిచ్చేది కాదు. అరికాలు గోకి లేపేది. లేచి ఏడిస్తే ఆమె మొహం వెలిగిపోయేది. "ఏడ్వనీ, ఏడిస్తే ఫికర్ లేదు. ఊకుంటెనే చూస్కోవాలె," అనేది. తల్లులు విసుక్కునేవారు, చాదస్తం అనుకునేవారు. నేనూ అదే అనుకున్నాను.

నిరుడు ఎండాకాలం నా బిడ్డకు ఐదో నెల. పుట్టింట్లో ఉన్నాను. రాత్రంతా సతాయించిన పిల్ల పొద్దెక్కాక ఎప్పటికో నిద్రపోయింది. పెద్దమ్మ వచ్చింది, అరికాలు గోకింది. పిల్ల కెవ్వుమంది. నా నోరు పడిపోను, ఎంత మాటన్నాను! "కని పెంచినదానివైతే తెలుస్తుండె నీకు! పండుకున్న పిల్లను ఎవరన్న లేపుతరా?"

అమ్మ అప్పుడు డ్యూటీలో ఉంది, వినలేదు. పెద్దమ్మ పిల్ల అరికాలి మీది నుంచి చెయ్యి తీసేసింది. "తప్పైంది బిడ్డా. ఇగ లేపను," అని వెళ్ళిపోయింది.

మొన్న ఆమెను పడుకోబెట్టిన చాప దగ్గర కూలబడి కాళ్ళు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. క్షమించమని ఎవరిని అడగాలి? అడిగితే మాత్రం ఎవరు పలుకుతారు?

నేను ఆ మాటన్న మర్నాడే ఆమె మళ్ళీ మా ఇంటికి వచ్చింది. పిల్ల నిద్రలో ఉంది. మళ్ళీ లేపుతుందేమోనని నేను బట్టలు పిండుతూ వాకిట్లోంచి చూస్తూనే ఉన్నాను. లేపలేదు. ఉయ్యాల పక్కన గచ్చు మీద కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చుంది. చూపు పిల్ల పొట్ట మీదే. మంచినీళ్ళు తెస్తానంటే తల అడ్డంగా ఊపింది. గంటన్నర అట్లాగే ఉంది. దారికొచ్చిందిలే అనుకున్నాను నేను. అప్పుడు పిల్ల కదిలి, కళ్ళు తెరిచి, ఆమెను చూసి నవ్వింది. పెద్దమ్మ చేతులు బయటికి తీసింది. వేళ్ళు తిమ్మిరెక్కి, పాలిపోయి, ముడుద్దామన్నా ముడుచుకోవడం లేదు. ఎత్తుకోబోయి, చేతకాక, నన్ను పిలిచింది. "లేచిందే, జర నువ్వే ఎత్తుకో."