నల్లచీమా, ఎర్రచీమా?

మా కండక్టర్ బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే: సందేహం. బీపీ లేదు, షుగర్ లేదు, సందేహం మాత్రం పూటకి నాలుగుసార్లు వస్తుంది. బ్యూటీ కోర్సులో ఆయన మాతో కలిసి చదివిన ఏడాదిలో నోరు విప్పని క్లాసు ఒక్కటంటే ఒక్కటే ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. బస్సు కండక్టరుగా రిటైరై మా కోర్సులో చేరిన మనిషి. క్లాసంతా ఆడపిల్లలం. మొదటిరోజు ఆ నెరిసిన మీసాలు చూసి ఎవరి నాన్నో దిగబెట్టడానికి వచ్చాడనుకున్నాం. తీరా చూస్తే ఏప్రన్ కట్టుకుని ముందు బెంచీలో కూర్చున్నారు.

"ఈ వయసులో ఈ చదువేమిటి బాబాయ్?" అని అడిగాను.

"మీ పిన్నికి ఇంటి ముందుగదిలో చిన్న పార్లర్ ఉందమ్మా. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవట్లేదు. వచ్చేవాళ్లంతా కనుబొమ్మలకే వస్తారు. నేను నేర్చుకోకపోతే ఆ గదికి తాళం వెయ్యాల్సిందే."

పిన్నిని అడిగితే ఇంకోలా చెప్పింది. "భుజం మాట నిజమే. కానీ రిటైరైన దగ్గర్నుంచీ ఇంట్లో కూర్చుని ప్రశ్నలతో నన్ను చంపుతున్నారు. కొన్నాళ్లు ఆ మేడమ్‌ని చంపండని పంపించాను."

మేడమ్ అంటే మా టీచరు, ప్రిన్సిపాలు, ఫీజు వసూలు చేసేదీ అన్నీ ఆవిడే. పాఠం ముగించి పుస్తకం మూస్తున్న సమయానికి సరిగ్గా ముందు బెంచీలో ఒక చెయ్యి లేచేది. బస్సులో పైకడ్డీ పట్టుకున్నట్టు ఎత్తి, ఇక దించడం మరిచిపోయేవారు.

"మేడమ్, నాకో చిన్న సందేహం. తెలియకడుగుతా, ఏమనుకోకండి."

ఆ చిన్న సందేహం పూర్తయ్యేసరికి మా టీ చల్లారిపోయేది. పోనీ ప్రశ్నలేమైనా ఘనమైనవా? జిడ్డు చర్మం, పొడి చర్మం పాఠాలైపోయి, ఫేషియల్స్ కూడా అయిపోయి, మేము జుట్టు దాకా వచ్చేశాక ఒకరోజు చెయ్యెత్తి, "అసలు జిడ్డు చర్మం అంటే ఏమిటండీ?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆయన పక్కన, ఆలస్యంగా చేరిన అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. మేడమ్ తలపట్టుకుని మొదటి పాఠం మళ్లీ మొదలుపెడితే గబగబా రాసుకుంది.

"రామాయణమంతా విని అడిగినట్టుంది బాబాయ్ మీ ప్రశ్న," అన్నాన్నేను.

"నాది మట్టిబుర్రమ్మా. రెండుసార్లు చెబితేగాని ఎక్కదు," అన్నారాయన, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఇక ఆ నోరు విప్పని రోజు. అది కనుబొమ్మల క్లాసు. దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి, మిగతాది వేళ్లకు చుట్టి, మెలిపెట్టి వెంట్రుకలు లాగడం మేడమ్ చూపించారు. అందరం మొదలుపెట్టాం. బాబాయి దారం నోట్లో పెట్టుకుని ఒక్క లాగు లాగారో లేదో, చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. తిరిగొచ్చాక కిమ్మనలేదు. మేము పండగ చేసుకున్నాం. ఆ తర్వాత కనుబొమ్మల క్లాసు వచ్చిన ప్రతిసారీ ఆయనకు స్టీమర్‌లో నీళ్లు నింపే పనో, తువ్వాళ్లు మడతపెట్టే పనో తగిలేది.

అలా ఉండగా మా ఊళ్లో పెద్ద బ్యూటీ కాన్ఫరెన్స్ జరిగింది. ఎక్కడెక్కడి నిపుణులో వస్తున్నారు, విద్యార్థులకూ ప్రవేశం ఉంది. బయల్దేరేముందు మేడమ్ మమ్మల్ని వరుసగా నిలబెట్టారు.

"అక్కడికి పెద్దపెద్దవాళ్లు వస్తారు. కాలేజీ పరువు తియ్యకండి. బాబాయిగారూ, మీకే చెబుతున్నాను."

"సందేహం వస్తేనో మేడమ్?"

"దాచుకోండి. సోమవారం నన్నడగండి."

"సోమవారానికి మరిచిపోతేనో?"

"ఇంకా మంచిది," అన్నారు మేడమ్.

హాల్లోకి అడుగుపెట్టగానే మాకు కళ్లు తిరిగాయి. ఎటు చూసినా అద్దాలు, దీపాలు, ఆవిరి చిమ్మే యంత్రాలు. మేము సెంటు సీసాల దగ్గర చేరితే, బాబాయి హెయిర్ డ్రయ్యర్ల స్టాల్ దగ్గర చేరారు.

"తెలియకడుగుతా, దీంతో బట్టలు ఆరతాయా?"

"ఇది జుట్టుకండీ," అన్నాడు స్టాల్ కుర్రాడు.

"అదే, వానాకాలంలో..."

నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పక్కనే పార్లర్ కుర్చీల స్టాలుంది. అక్కడ ఆగి, "ఈ కుర్చీ ఎంత కిందికి దిగుతుందండీ?" అన్నారు. వాళ్లు దించారు. "ఇంకా?" ఇంకా దించారు. "ఇంకొంచెం?" ఇక నేలకి ఆనేలా ఉందనగా, పక్కన చాలాసేపటి నుంచి నిలబడి చూస్తున్న ఒక పెద్దావిడ "అమ్మయ్య" అంటూ దాంట్లో కూలబడింది. బాబాయి ముందుకు కదిలారు. మేడమ్ మాకు కొంచెం దూరంగా, మేమెవరో తెలియనట్టు నడిచారు.

మధ్యాహ్నం అసలు కార్యక్రమం. జుట్టుకు రంగులెయ్యడంలో పేరున్న ఎక్స్‌పర్ట్ ఒకాయన స్టేజీ మీద చేసి చూపిస్తాడు. టైమైంది, ఆయన మోడల్ రాలేదు. "విద్యార్థుల్లో ఎవరైనా వస్తారా?" అని మైకులో అడిగాడు. మేడమ్ నా వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశారు.

"వెళ్లు. కదలకు, మెదలకు. నవ్వుతూ కూర్చో. మన కాలేజీ పేరు చెబుతారు."

నేను నోట్లో నాలుక లేనిదాన్ని. వెళ్లి కూర్చున్నాను. ఎదురుగా నిండు హాలు. ఎక్స్‌పర్ట్ నా జుట్టు పాయలు తీసి, బ్లీచ్ పూసి, వెండికాగితాల్లో చుట్టడం మొదలుపెట్టాడు. "తల మీద కొంచెం చురుక్కుమంటుంది. మామూలే," అని మైకులో చెప్పి, రంగుల గురించి ఉపన్యాసంలో పడ్డాడు.

చురుక్కుమంది. మామూలే అనుకున్నాను. కాసేపటికి నడినెత్తిన నిప్పుకణిక పెట్టినట్టయింది. ఇదీ మామూలేనా? అసలు కొంచెం అంటే ఎంత? అడుగుదామంటే ఆయన మాట ఆపడు. లేద్దామంటే ముందు వరసలో మేడమ్ "నవ్వు, నవ్వు" అని సైగ చేస్తున్నారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పెదాలేమో నవ్వుతున్నాయి. నా నెత్తి కాలిపోతోందని నాకొక్కదానికే తెలుసు. ఇంతమందిలో ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

అప్పుడు లేచింది హాలు మధ్యలో, బస్సు కడ్డీ పట్టుకున్నట్టు, ఒక చెయ్యి.

"అయ్యా, నాకో చిన్న సందేహం. తెలియకడుగుతా, ఏమనుకోకండి."

మేడమ్ కళ్లు మూసుకున్నారు.

"ప్రశ్నలు చివర్లో తీసుకుంటామండీ," అన్నాడు ఎక్స్‌పర్ట్.

"చివరిదాకా ఆగే సందేహం కాదండీ. కొంచెం చురుక్కుమంటుందన్నారు. కొంచెం అంటే ఎంతండీ?"

"కొంచెమంటే... చీమ కుట్టినట్టు."

"నల్లచీమా, ఎర్రచీమా?"

హాలంతా నవ్వులు. ఎక్స్‌పర్ట్ కూడా నవ్వాడు. "నల్లచీమేనండీ. కూర్చోండి."

"ఎర్రచీమైతే?"

"ఎర్రచీమైతే వెంటనే కడిగెయ్యాలి."

"ఏ చీమో మనకెలా తెలుస్తుందండీ?"

"మనకెలా తెలుస్తుంది? తల ఉన్నవాళ్లనడగాలి," అన్నాడాయన కొంచెం విసుగ్గా.

"అదేనండీ నా సందేహం. ఆ అమ్మాయిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఎక్స్‌పర్ట్ నా వైపు తిరిగి మైకు నా నోటి దగ్గర పెట్టాడు. "ఏ చీమమ్మా?"

"ఎర్రచీమలండీ," అన్నాను. "పుట్టంతా నా నెత్తి మీదే ఉందండీ."

ఆయన ఒక కాగితం విప్పి చూశాడు. మొహం మారిపోయింది. మైకు పక్కన పడేసి, నన్ను చెయ్యి పట్టుకుని సింకు దగ్గరికి లాక్కెళ్లి, తనే చల్లటి నీళ్లు పోశాడు. ఆ నీళ్లు పడ్డప్పుడు కలిగిన సుఖం నేనింతవరకూ మరిచిపోలేదు. ఇంకాసేపైతే బొబ్బలెక్కి జుట్టు ఊడేదట. మంచి మనిషి, తిరిగొచ్చి అందరి ముందూ ఒప్పుకున్నాడు. "నా మోడల్‌కి ముందే ఈ మందు పడుతుందో లేదో చూశాను. ఈ అమ్మాయికి తొందరలో చూడలేదు. తప్పు నాది. ఆ చీమలాయన ఎక్కడున్నారు?"

చీమలాయన అప్పటికే కూర్చున్నారు. చెయ్యి మాత్రం ఇంకా పైనే ఉంది.

తిరుగు బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాను. నా జుట్టు సగం నలుపు, సగం నారింజ. "మంట పుడుతోందని మీకెలా తెలిసింది బాబాయ్?"

"నీ మొహం చూశానమ్మా. దిగాల్సిన స్టాపు దాటిపోయినవాళ్ల మొహం నాకు తెలీదా? కొందరు స్టాపు పోయినా నోరెత్తరు. బస్సులో అందరూ చూస్తారని సిగ్గు. అప్పుడు నేనే విజిలేసి, 'ఒక్క నిమిషం ఆపు బాబూ, నాకు పనుంది' అని దిగేవాణ్ణి. వెనకే వాళ్లూ దిగిపోయేవాళ్లు. డ్రైవర్ నన్ను తిట్టేవాడు. తిట్టనీ."

నాకు ఒక్కొక్కటే గుర్తురాసాగాయి. "మరి ఆ జిడ్డు చర్మం?"

"పక్కనమ్మాయి లేటుగా చేరింది కదా. రోజూ తెల్లమొహం వేసేది."

"కుర్చీ?"

"ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఎక్కలేక నిలబడింది."

"మరి డ్రయ్యర్‌తో బట్టలు?"

"అది మాత్రం నాకే తెలుసుకోవాలనిపించింది," అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వుకి పైపళ్ల వరుస జారి ముందుకొచ్చింది. గబుక్కున బొటనవేలితో లోపలికి నెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కట్టుడు పళ్లు. దారం లాగితే ఏం జరిగి ఉంటుందో అప్పుడర్థమైంది నాకు. ఊళ్లో అందరి సందేహాలూ అడిగే మనిషికి తన సందేహం అడగడానికి సిగ్గు. ఆయన మీద కోపమూ వచ్చింది, ప్రేమా పొంగింది.

సోమవారం కనుబొమ్మల క్లాసు. మేడమ్ దారం రీలు తియ్యగానే బాబాయి నీళ్ల చెంబు పట్టుకుని లేచారు. నేను చెయ్యెత్తాను, బస్సు కడ్డీ పట్టుకున్నట్టు.

"మేడమ్, నాకో చిన్న సందేహం. తెలియకడుగుతా, ఏమనుకోకండి. దారం పళ్లతో పట్టుకోకుండా చేసే పద్ధతి లేదా?"

"నీకూ అంటుకుందా ఆ జబ్బు?" అన్నారు మేడమ్. "ఎందుకు లేదు? ఆ కొస మెడకు వేసుకుని చెయ్యొచ్చు. చాలామంది అలాగే చేస్తారు."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేం మేడమ్?"

"ఎవరూ అడగలేదు కదా."

నీళ్ల చెంబు నెమ్మదిగా కిందికి దిగింది. బాబాయి వచ్చి దారం మెడకు వేసుకుని, వేళ్లకు చుట్టుకుని, ఎవరి మీద చెయ్యాలా అని చూశారు. వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను.

"నీ పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి కదమ్మా. ఆ సందేహం నీకెందుకొచ్చింది?" అన్నారు చిన్నగా.

"తెలియకడిగాను బాబాయ్. కానివ్వండి."

మొదటి లాగుకే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కనుబొమ్మ వంకరపోయిందని అద్దం చూడకుండానే తెలుస్తోంది.

చెయ్యి ఆపి, వంగి నా మొహంలోకి చూశారు. "ఏ చీమమ్మా?"

ఎర్రచీమే. అయినా ఆయన్ని ఆపబుద్ధి కాలేదు.

"నల్లచీమే బాబాయ్," అన్నాను. "రైట్, రైట్!"